వంద రూపాయల కోత

ఇస్సాక్‌కి తన ముత్తాత మీద కోపం వచ్చింది. పోయి ఎనభై ఏళ్ళు దాటిన మనిషి మీద కోపమేమిటని మీరడగొచ్చు. ఆ బుధవారం మధ్యాహ్నం సౌదీలోని దమ్మామ్‌లో, వేర్‌హౌస్ వెనక గోడ నీడన, అన్నం డబ్బా మూత కూడా తియ్యకుండా ఫోన్‌లోకి గుడ్లప్పగించి చూస్తున్న ఇస్సాక్‌ని మీరు చూసివుంటే అడిగేవాళ్ళు కాదు.

ఆ ముత్తాత పేరు కొమ్ము నతానియేలు. కందుకూరు చుట్టుపక్కల పల్లెల్లో ముసలివాళ్ళు ఇప్పటికీ ‘కౌన్సిల్ నతానియేలు’ అంటారు. మిషన్ బడిలో పంతులుగా చేస్తూ, అడిగినవాళ్ళకల్లా అర్జీలు రాసిపెడుతూ ఉండేవాడట. 1923లో గవర్నరుగారు ఆయన్ని మద్రాసు శాసనమండలికి నామినేట్ చేశారు. అంటరానివాళ్ళ పల్లెలో పుట్టినవాడు, చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తుతూ కృతజ్ఞతగా పడివుంటాడులే అనుకున్నారు కాబోలు. ఈయన వెళ్ళివెళ్ళి ప్రతిపక్షం బెంచీ మీద కూర్చున్నాడు. ఏడేళ్ళు అక్కడే కూర్చున్నాడు. 1930లో నామినేషన్ మళ్ళీ రాలేదు. సింగరాయకొండ స్టేషన్లో ఒక ట్రంకుపెట్టెతో దిగి, పల్లెకి నడిచొచ్చి, మర్నాడు పొద్దున్నే బడికెళ్ళి పిల్లల పలకలు ముందేసుకున్నాడు. ఇదీ ఆయన రాజకీయ జీవితం.

ఇదంతా ఇస్సాక్‌కి నాయనమ్మ చెప్పింది. ఆమె నతానియేలుకి కోడలు. “ప్రభుత్వమోళ్ళేమో ఎదుటిపక్షమోడన్నారు. ఎదుటిపక్షమోళ్ళేమో గవర్నరు పెట్టినోడన్నారు. టీకప్పు మాత్రం ఇద్దరూ ఒకే మాట మీదుండి విడిగా పెట్టారు” అని నవ్వేది. అందులో నవ్వడానికేముందో తెలియకుండానే చిన్న ఇస్సాక్ కూడా నవ్వేవాడు.

పొద్దస్తమానం ఫోర్క్‌లిఫ్ట్ మీద కూర్చుని ప్యాలెట్లు ఎత్తి దించేవాడికి, ఇఖామా అనే అక్కడి నివాస కార్డులో ‘లేబర్’ అని ఉన్నవాడికి, అలాంటి ముత్తాత ఒకడుండటం ఎంత బలమో ఇస్సాక్‌కే తెలుసు. నలభై ఆరేళ్ళొచ్చాయి. బురైదా ఖర్జూర తోటల్లో చేసిన ఆరేళ్ళూ, ఈ కొత్త కంపెనీలో చేరిన మూడు నెలలూ, ఎవరైనా గద్దించినప్పుడల్లా ‘మా ముత్తాత గవర్నరుకే తల వంచలేదు’ అని లోపల అనుకుని, తను మాత్రం తల వంచేవాడు.

ఇప్పుడు వాళ్ళ పల్లెలో కొత్తగా కమ్యూనిటీ హాలు కట్టారు. దానికి పేరు పెట్టాలి. పల్లెవాళ్ళు నతానియేలు పేరు పెట్టమన్నారు. సర్పంచి తరఫువాళ్ళు సర్పంచి తండ్రి పేరు పెట్టాలన్నారు. “ఇంతకీ మీ నతానియేలు ఏం చేశాడయ్యా? కాగితమేమన్నా ఉందా?” అని అడిగారు. ట్రంకుపెట్టెలోవాటిని ఏనాడో చెదలు తినేశాయి. ఇస్సాక్ అన్నకొడుకు ఉదయకిరణ్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. అతను జిరాక్సు కొట్టు నడుపుతాడు, వార్డు మెంబరు కూడా. చెన్నైలో పరిశోధన చేస్తున్న స్నేహితుణ్ణొకణ్ణి పట్టుకుని, లైబ్రరీలో పాత శాసనమండలి పుస్తకాలు తిరగేయించి, నతానియేలు పేరున్న పేజీలు ఫోటోలు తీయించాడు. శుక్రవారం పొద్దున పంచాయతీ సమావేశం. బుధవారం మధ్యాహ్నానికి ఆ పేజీలు ఇస్సాక్ ఫోన్‌లోకొచ్చాయి.

మూడే ప్రతిపాదనలు, ఒక్కోదానికి రెండేసి పేజీలు, ఇంగ్లీషులో. ఇస్సాక్ బి.ఏ. రెండో ఏడాదిలో ఆపేశాడు గానీ, కూడబలుక్కుని చదవగలడు. చదివాడు. మొదటిది 1924 నాటిది. ఆది ఆంధ్రుల బడులకు కేటాయించిన మొత్తంలోంచి వంద రూపాయలు తగ్గించాలని నతానియేలుగారు ప్రతిపాదించారు. ఇస్సాక్ కళ్ళు నులుముకున్నాడు. తగ్గించాలనే ఉంది. రెండేళ్ళ తర్వాతి పేజీలో ఇళ్ళ స్థలాల డబ్బులోంచి వంద తగ్గించమన్నాడు. 1927లో ఏకంగా మంచినీళ్ళ బావుల మీద పడ్డాడు. పల్లెల్లో బావులు తవ్వించడానికి లేబర్ శాఖకిచ్చిన మొత్తంలోంచి ఒక వంద కొయ్యాలట. పోనీ అన్నమాట మీదైనా నిలబడ్డాడా అంటే, అదీ లేదు. మూడింటికీ రెండో పేజీలో ఒకటే వాక్యం: సభవారి అనుమతితో నతానియేలుగారి ప్రతిపాదన ఉపసంహరించుకోవడమైనది.

పేజీల కింద ఉదయకిరణ్ గొంతు కూడా వచ్చింది. “చిన్నాన్నా, నాకు కాళ్ళూ చేతులూ ఆడటంలా. ఇది చూపిస్తే మన కొంప మనమే కూల్చుకున్నట్టు. చూపియ్యకపోతే కాగితం లేదంటారు. నాయన పోయాక ఇంటికి పెద్దోడివి, ఏం చేద్దామో నువ్వే చెప్పు.”

ఇంటికి పెద్దోడు ఆ రోజు అన్నం తినలేదు. సాయంత్రం దాకా ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతూ బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. అచ్చు తప్పేమో అనుకున్నాడు. ఒకసారంటే సరే, మూడు పుస్తకాల్లో మూడుసార్లా? ముత్తాతని భయపెట్టారేమో అనుకున్నాడు. భయపడ్డవాడు ప్రతిపక్షంలో ఎందుకు కూర్చుంటాడు? పోనీ బావులు వద్దనే అనుకున్నాడా? మరి వెనక్కెందుకు తీసుకున్నాడు? అవునంటే అవును కాదు, కాదంటే కాదు కాదు. ఈ గొడవలో తొమ్మిదో వరుసకు వెళ్ళాల్సిన సబ్బుల ప్యాలెట్ పదిహేనో వరుసలో పెట్టి ఫోర్‌మన్ చేత చీవాట్లు తిన్నాడు. ఆ పూట గవర్నరు సంగతి గుర్తు తెచ్చుకోవడానికి కూడా మొహం చెల్లలేదు.

రాత్రి క్యాంపు గదిలో తోటివాడు జానీ ఉన్నాడు. గుంటూరువాడు. వాళ్ళ నాన్న మూడు పార్టీలు మారి మూడుసార్లూ ఓడిపోయినవాడు కాబట్టి, రాజకీయాలు తనకి తెలిసినంత ఎవరికీ తెలియవని జానీ నమ్మకం. పేజీలు అటూ ఇటూ జరిపి చూసి తేల్చి పారేశాడు.

“ఇందులో అర్థంకాకపోటానికేముందన్నా? ముందు అడ్డం పడతారు. అవతలోడు పిలిచి మాట్లాడతాడు. బేరం కుదిరాక ఉపసంహరణ. మావైపు కౌన్సిలర్లు రోజూ చేసే పనే.”

“మా నాయనమ్మ అట్ట చెప్పలేదు జానీ.”

“కోడలు మావగారి గురించి అట్ట చెప్పిద్దా? నువ్వు మరీనూ!”

ఇస్సాక్‌కి ఆ మాట ములుకులా దిగింది. గురువారం డ్యూటీ అంతా అదే మాట చెవుల్లో గింగిరాలు తిరిగింది. నాయనమ్మ నవ్వు కూడా ఇప్పుడు వేరేగా వినబడసాగింది. ఇన్నేళ్ళూ తను దేన్ని నమ్ముకుని బతికాడో దాని కింద నేల కదిలిపోయింది. ఇస్సాక్ మంచివాడు. మంచివాళ్ళతో వచ్చే చిక్కేమిటంటే, అనుమానమొచ్చిన వెంటనే సొంతవాళ్ళకే ముందు శిక్ష వేస్తారు. అందులో ఏదో నిజాయితీ ఉందనుకుంటారు. గురువారం సాయంత్రం క్యాంపు బస్సు దిగీ దిగగానే అతను ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

“ఉదయా, దాచబాక. ఉన్నదున్నట్టు చూపియ్యి. మన ఆడోళ్ళు నీళ్ళకోసం అల్లాడతా ఉంటే, బావుల డబ్బు తగ్గించమన్నోడి పేరు మన హాలుకొద్దు. దేనికి అడ్డం పడ్డాడో, ఏం ముట్టిందని వెనక్కి తీసుకున్నాడో ఆయనకే తెలియాల. కుటుంబం తరఫున నేను చెప్తన్నా, ఆ పేరొద్దు.”

పంపేశాక గుండె తేలికవుతుందనుకున్నాడు. కాలేదు. ఎవరో దగ్గరివాళ్ళని పాతిపెట్టి వచ్చినట్టుగా మంచం మీద కూర్చుండిపోయాడు.

అప్పుడే గులాం మొహిద్దీన్ ఒక కాగితం పట్టుకుని గదిలోకొచ్చాడు. కర్నూలు మనిషి, అరవైకి దగ్గర పడ్డవాడు, వేర్‌హౌస్‌లో స్టోర్‌కీపరు. క్యాంపులో మెస్ కమిటీకి పెద్ద కూడా ఆయనే. కాగితం మీద అప్పటికే నూటయాభై సంతకాలున్నాయి.

“ఇస్సాకూ, ఈడొక సంతకం పెట్టప్పా.”

ఇస్సాక్ చదివాడు. వచ్చే వారం నుంచి మనిషికి రోజుకొక ఖుబ్జ్ తగ్గించవలసిందిగా కేటరింగ్ కంపెనీని కోరుతున్నారు. ఖుబ్జ్ అంటే ఇక్కడి రొట్టె. మనిషికి రోజుకు నాలుగిస్తారు. నాలుగూ చాలవని రోజూ గొణిగేది ఈ జనమే. ఇస్సాక్‌కి ఒళ్ళు మండింది.

“మీకందరికీ మతేమన్నా పోయిందా భాయ్? మన నోటికాడ కూడు మనమే తగ్గించుకోవటమేంది? నేను పెట్టను.”

గులాం మొహిద్దీన్ అతని మొహంలోకి ఓ నిమిషం చూశాడు. “కొత్తోడివిలే,” అని నవ్వి, జానీ చేత సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. జానీ అయితే చదవను కూడా చదవలేదు. లోకమంతా తన మీద కుట్ర పన్నిందా, లేక తనకే బుర్ర చెడిందా అని ఇస్సాక్ దుప్పటి ముసుగెట్టుకున్నాడు.

మర్నాడు శుక్రవారం, సెలవు. జుమ్మా నమాజు అయ్యాక మెస్ నిండా జనం. ఇస్సాక్ పళ్ళెంలో అన్నం, కోడికూర పెట్టించుకుని ఒక మూల కూర్చున్నాడో లేదో, కేటరింగ్ సూపర్‌వైజర్ చెమటలు కక్కుకుంటూ లోపలికొచ్చాడు. ఆయన మొహం ఇస్సాక్ ఈ మూడు నెలల్లో ఒక్కసారి కూడా చూడలేదు. చేతిలో నిన్నటి కాగితం ఉంది.

“రొట్టె ఎందుకు తగ్గించాలి? ఎవరడిగారు?” అన్నాడు ఉర్దూలో.

“కూర్చోండి సాబ్, చెప్తాం,” అన్నాడు గులాం మొహిద్దీన్. చెప్పడం మొదలుపెట్టాడు. రొట్టె ఊసే లేదు. మంచినీళ్ళ కూలర్ల ఫిల్టర్లు ఏడు నెలలుగా మార్చలేదన్నాడు. నీళ్ళు ఉప్పగా వస్తున్నాయన్నాడు. రెండో బ్లాకులో పదకొండుమందికి కడుపునొప్పి వస్తే పట్టించుకున్న దిక్కు లేదన్నాడు. చుట్టూ చేరినవాళ్ళు తలా ఒకటీ అందించారు. సూపర్‌వైజర్ లేవబోతే ఒకడు టీ తెచ్చి ముందు పెట్టాడు. టీ తాగే మనిషి లేచి పోలేడు కదా. అరగంట విన్నాడు. ఆదివారానికి కొత్త ఫిల్టర్లు వస్తాయని రాసి సంతకం పెట్టాడు. అప్పుడు గులాం మొహిద్దీన్ రొట్టెల కాగితం ఆయన చేతిలోంచి మర్యాదగా తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

ఇస్సాక్ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

గులాం మొహిద్దీన్ పళ్ళెం తెచ్చుకుని అతని ఎదురుగా కూర్చున్నాడు. “నీళ్ళు బాగలేవని ఎన్నిసార్లు రాసినామో లెక్కే లేదప్పా. ఎవురన్నా వచ్చినారా? రొట్టె తగ్గితే వాళ్ళ బిల్లు తగ్గుతాది. బిల్లు తగ్గే కాగితమైతే వాడే వచ్చి మనల్ని అడగల్ల, అది కంపెనీ రూలు. వాడొచ్చి మన ముందర నిలబడితేనే గదా మన మాట ఇనేది.”

“మరి రొట్టె?”

“రొట్టె యాడికి పోతాది? సెప్పుకునేది సెప్పుకున్నాక కాగితం వెనక్కి తీసుకుంటాం.”

ఇస్సాక్ ఎంగిలి చెయ్యి ప్యాంటుకే తుడుచుకుని, ఫోన్ తీసి, బావుల పేజీలు ఆయన ముందు పెట్టాడు. సంగతంతా చెప్పాడు. గులాం మొహిద్దీన్ కళ్ళజోడు పెట్టుకుని తీరిగ్గా చదివాడు.

“దీన్ని కోత తీర్మానం అంటారు. అసెంబ్లీల్లో ఇప్పటికీ ఉండాది, పేపర్లో రాస్తాంటారు. ఊరికే లేసి మా ఊర్లో బావి లేదంటే మంత్రి ఎందుకింటాడు? నీ డబ్బులో వంద తగ్గిస్తానంటే వంతిస్తారు, మంత్రి కూర్చోని ఇనల్ల, బదులు సెప్పల్ల. వందనేది పేరుకే అప్పా. ఇంతకీ ఆయన మాట్లాడింది ఏదీ? ఇందులో అడిగినట్టుంది, వెనక్కి తీసుకున్నట్టుంది. నడిమి పేజీ యాడుంది?”

నడిమి పేజీ లేదు. ఆ సంగతే ఇస్సాక్‌కి తట్టలేదు. మెస్‌లోంచి బయటికి పరిగెత్తాడు. నెత్తిన ఎండ మాడుతున్నా తెలియలేదు. ఉదయకిరణ్ మూడోసారికి గానీ ఫోన్ ఎత్తలేదు.

“సమావేశం మధ్యానానికే అయిపోయింది చిన్నాన్నా,” అన్నాడు. “నీ మాట మైకులో పెట్టి వినిపించారు, రెండుసార్లు. సర్పంచి నాయన పేరు ఖాయం చేశారు. ఒక్కడు చెయ్యెత్తలా. నేనూ ఎత్తలా. నువ్వే వద్దన్నాక నేనేమని ఎత్తేది?”

ఇస్సాక్ అన్నీ ఒక్కసారే చెప్పాలని చూశాడు. రొట్టెలు, ఫిల్టర్లు, వంద రూపాయలు, మంత్రి, టీ. అవతల ఉదయకిరణ్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. “నువ్వు ఎండలో ఉన్నావా?” అని అడిగాడు.

“ఉదయా, అదంతా వదిలెయ్యి. ఆ చెన్నై పిల్లోడు పేరున్న పేజీలే తీశాడు గదా, మధ్య పేజీలో ఏముందో అడుగు. ఇప్పుడే అడుగు.”

చెన్నై కుర్రాడు మధ్య పేజీలు కూడా తీసే ఉంచాడు. వాటి మీద నతానియేలు పేరు లేదు కాబట్టి పంపలేదు. ఎంత చదివినవాడికైనా అడిగిందే ఇవ్వడం అలవాటు. బావుల సంగతున్న పేజీ గంటలో వచ్చింది. ఇస్సాక్ మంచం మీద కూర్చుని ఒక్కో మాటా వేలు పెట్టుకుని చదివాడు. జానీ భుజం మీదుగా చూస్తున్నాడు.

“అధ్యక్షా, ఈ వంద రూపాయలు తగ్గాలన్న కోరిక నాకు లేదు. తగ్గించమంటే తప్ప నాకీ సభలో పది నిమిషాలు ఎవరూ ఇవ్వరు. మా పల్లెలో ఆడవాళ్ళు పొద్దున్నే కడవలతో వచ్చి, ఊరివారి బావికి దూరంగా, ఎవరైనా చేదిపోసేదాకా నిలబడతారు. ఒక్కొక్కనాడు ఎవరూ పొయ్యరు. మా పల్లెకు కిందటేడే బావి తవ్వించామని మంత్రిగారి లెక్కలో ఉంది. లెక్కలో ఉన్న బావి నేలమీద లేదు. నేను నిన్న రాత్రి రైల్లో వచ్చాను, బయల్దేరేముందు కూడా వెతికాను.”

మంత్రి విచారణ జరిపిస్తానన్నాడు. నతానియేలు కూర్చున్నాడు. ఆ తర్వాత పేజీలోదే ఇస్సాక్ బుధవారం నుంచీ మోస్తున్న ఆ వాక్యం, ఉపసంహరించుకోవడమైనది.

బావి తవ్వారో లేదో అందులో లేదు. నాయనమ్మా చెప్పలేదు. ఇస్సాక్‌కి ఏడుపొచ్చింది. జానీ ముందు ఏడవడానికి సిగ్గుపడలేదు. ఈ మనిషినా తను ఏం ముట్టిందని అడిగింది? అదీ మైకులో, పల్లె మొత్తానికి వినబడేట్టు? జానీ తన పాండిత్యమంతా మింగి, మంచినీళ్ళ సీసా తెచ్చి పక్కన పెట్టాడు.

ఇస్సాక్ పల్లె వాట్సాప్ గ్రూపులో ఆ పేజీ పెట్టి, తను పొరపాటుపడ్డానని, ముత్తాత నిలబడింది మన బావుల కోసమేనని, హాలుకి ఆయన పేరే పెట్టమని, తనని క్షమించమని పెద్ద సందేశం పెట్టాడు. చివరికి ఉదయకిరణే ఫోన్ చేశాడు.

“జనం తికమక పడతన్నారు చిన్నాన్నా. పొద్దున మైకులో వద్దన్నోడు ఇప్పుడు కావాలంటన్నాడేందని. పొద్దుటికీ ఇప్పటికీ మధ్యలో మీ చిన్నాన్నకి ఎంత ముట్టిందిరా అని నన్నే అడిగారు.”

ఇస్సాక్ కళ్ళు మూసుకున్నాడు. ఆ దెబ్బ తనకి తగలాల్సిందే అనిపించింది.

“మళ్ళీ సమావేశమెప్పుడు?”

“సోమవారం. హాలు ప్రారంభానికి పాతికవేలు మంజూరు చేయాలంట. అంతవరకే. పేరు గురించి ఎవుర్నీ నోరెత్తనియ్యరు.”

“నువ్వు మెంబరువి గదా. ఆ పాతికవేలల్లో వంద తగ్గించాలని రాసియ్యి. రాసిచ్చినోడు ఎందుకో చెప్పాలిగా. లేచి ఆ పేజీ చదువు. మొత్తం చదివాక నీ కాగితం నువ్వు వెనక్కి తీసుకో.”

ఫోన్‌లో జిరాక్సు మిషను చప్పుడు వినిపిస్తోంది.

“మన పల్లె హాలుకొచ్చే డబ్బు మనమే తగ్గించమనాలా? ఆ కాగితం పంచాయతీ పుస్తకంలో ఉండిపోద్ది చిన్నాన్నా. చూసినోళ్ళు మన గురించి ఏమనుకుంటారు?”

“ఏమనుకుంటారో నాకు తెలుసురా,” అన్నాడు ఇస్సాక్. “నిన్న నేనే అన్నా.”